కూలి డబ్బు ఎటు పోతోంది? శంకర్ గుహా నియోగీ అడిగిన ప్రశ్న

1977 తర్వాత కొద్ది ఏళ్లలోనే దల్లీ రాజ్‌హరా ఇనుప ఖనిజం గనుల్లో కాంట్రాక్టు కార్మికుల కూలి కొన్ని రెట్లు పెరిగింది. అంతకుముందు పొద్దస్తమానం రాయి కొట్టి లారీలకెత్తితే చేతికొచ్చేది మూడు నాలుగు రూపాయలే. దాన్ని పెంచుకోవడానికి సమ్మె చేశారు, పోలీసు కాల్పుల్లో పదకొండు మందిని పోగొట్టుకున్నారు, చివరికి గెలిచారు. తీరా గెలిచాక చూసుకుంటే, ఆ ఊళ్లో అందరికన్నా ముందు బాగుపడింది సారా కాంట్రాక్టరు.

కార్మిక సంఘాల చరిత్రలో ఇది కొత్త సంగతేమీ కాదు. కూలి పెరిగిన చోట సారా దుకాణం ముందు వరుస కూడా పెరుగుతుంది. చాలా సంఘాలు దాన్ని కార్మికుడి సొంత వ్యవహారంగా వదిలేస్తాయి. జీతం ఇప్పించడం వరకే తమ పని, ఆ జీతంతో ఏం చేసుకుంటాడన్నది అతని ఇష్టం అనుకుంటాయి. దల్లీ రాజ్‌హరా గని కార్మికుల నాయకుడు శంకర్ గుహా నియోగీ అలా వదిలేయలేదు. తాగుడు పాపమని ఉపన్యాసాలూ ఇవ్వలేదు. పోరాడి తెచ్చుకున్న డబ్బు ఎవరి జేబులోకి పోతోందో లెక్క చూడమన్నాడు. ఆయన తర్వాత చేసిన పనులు చాలావరకు ఆ లెక్కలోంచి పుట్టినవే.

ఇప్పుడు ఈ కథకు సందర్భం రాయ్‌పూర్ ఉత్తర శివారులోని బీర్‌గావ్. ఉర్లా పారిశ్రామికవాడను ఆనుకుని పెరిగిన కార్మికుల బస్తీ అది. స్పాంజ్ ఐరన్, రోలింగ్ మిల్లుల పొగ కింద బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి, ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. గ్రామం నుంచి పురపాలిక, అక్కడి నుంచి నగరపాలక సంస్థ అయింది గానీ బతుకు తీరు బస్తీదే. తల్లిదండ్రులిద్దరూ షిఫ్టులకు పోతే పిల్లలు వీధిలో పెరుగుతారు. రాయ్‌పూర్ పత్రికల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది, చాకుబాజీ. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ముఠాలు కట్టి చిన్న మాటకే కత్తులు దూసుకోవడం. దానితోపాటు వినపడేవి గంజాయి, మత్తు మాత్రలు. పోలీసులు దాడులు చేస్తారు, అవగాహన ర్యాలీలు తీస్తారు. వాటి ఫలితం ఎంతన్నది వేరే చర్చ. అయితే ఇదే పారిశ్రామిక ప్రాంతంలో, నలభై ఏళ్ల కిందట, పోలీసుల ప్రమేయం లేకుండా, పైగా పోలీసులు ఎదురు నిలిచినా, వేలాది కుటుంబాలు మత్తు మీద యుద్ధం చేశాయి. ఆ యుద్ధం నడిపినవాడి జీవితాన్ని ఒకసారి తిరగేయడం అవసరం.

భిలాయి నుంచి గనుల దాకా

ఆయన అసలు పేరు ధీరేశ్ గుహా నియోగీ. 1943 ఫిబ్రవరి 14న బెంగాలీ మధ్యతరగతి కుటుంబంలో పుట్టారు. జల్పాయిగురిలో చదువుకునే రోజుల్లోనే విద్యార్థి ఉద్యమాల్లోకి వచ్చారు. 1960ల మొదట్లో, సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారం దేశం నలుమూలల నుంచి యువకులను లాక్కుంటున్న కాలంలో, ఆయనా అక్కడికి చేరారు. కోక్ ఓవెన్ విభాగంలో ఉద్యోగం. ఆ వేడిలో పనిచేసేవాళ్లను కూడగట్టినందుకు కొన్నేళ్లకే ఆ ఉద్యోగం పోయింది. నక్సల్బరీ ప్రభావం, ఆపైన కొత్త పార్టీతో విభేదాలు, బహిష్కరణ, అజ్ఞాతవాసం. ధీరేశ్ పోయి శంకర్ మిగిలింది ఆ రోజుల్లోనే.

అజ్ఞాతంలో ఉన్న ఆ ఏళ్లే ఆయన్ని తయారుచేశాయని చెప్పాలి. పల్లెల్లో కూలి పని చేశారు, చేపలు పట్టారు, మేకలు అమ్మారు. ఛత్తీస్‌గఢీ నేర్చుకున్నారు. దానీటోలా క్వార్ట్‌జైట్ గనుల్లో కార్మికుడిగా పనిచేస్తూ అక్కడే పనిచేసే ఆశాను పెళ్లి చేసుకున్నారు. బయటి నుంచి వచ్చిన విప్లవకారుడు స్థానికుల భాషలో మాట్లాడటం అంత అరుదేమీ కాదు. వాళ్ల ఇంట్లో మనిషి కావడం అరుదు. తర్వాతి కాలంలో ఆయన మాటను గని కార్మికులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎందుకు విన్నారన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది.

ఎమర్జెన్సీలో మీసా కింద అరెస్టై ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. 1977లో బయటికి వచ్చేసరికి దల్లీ రాజ్‌హరా కుతకుతలాడుతోంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే గనులవి. బోనస్ ఒప్పందంలో పర్మినెంటు కార్మికులకు 308 రూపాయలు, అదే రాయిని అదే గనిలో తవ్వే కాంట్రాక్టు కార్మికులకు 70 రూపాయలు రాశారు. సంతకాలు చేసినవి పెద్ద యూనియన్లే. కాంట్రాక్టు కార్మికులు వాటిని వదిలేసి బయటికొచ్చారు, నియోగీని పిలిపించుకున్నారు. ఆ మార్చిలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పుట్టింది. జెండా ఎరుపు, ఆకుపచ్చ. ఎరుపు కార్మికుడికి, ఆకుపచ్చ రైతుకు.

పనిలేని రోజులకు కూలి, వానాకాలానికి ముందు గుడిసె బాగుచేసుకోవడానికి వంద రూపాయలు. డిమాండ్లు ఇంతే. జూన్ 2 రాత్రి పోలీసులు వచ్చి నియోగీని ఎత్తుకుపోయారు. మిగిలిన పోలీసులను కార్మికులు చుట్టుముట్టారు, నాయకుణ్ని తెచ్చి ఇచ్చేదాకా కదలనివ్వమన్నారు. ఆ రాత్రి, మర్నాడు జరిగిన కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో అనసూయా బాయి అనే మహిళ, సుదామా అనే పిల్లవాడు ఉన్నారు. ఈ పిల్లవాడి పేరు మళ్లీ వస్తుంది.

సారా మీద యుద్ధం

కాల్పుల తర్వాత కూడా సమ్మె విరగలేదు. డిమాండ్లు నెరవేరాయి, కూలి పెరుగుతూ పోయింది. అక్కడే మొదట చెప్పిన చిక్కు వచ్చి పడింది.

ఛత్తీస్‌గఢ్‌లో తాగుడు మీద పోరాటం మొదలుపెట్టడం అంటే మామూలు విషయం కాదు. గని కార్మికుల్లో చాలామంది ఆదివాసీలు. ఇప్పపువ్వు సారా వాళ్లకు పుట్టుకలో, పెళ్లిలో, చావులో, దేవుడి ముందు ఉండేదే. ఇంట్లో కాచుకుని పండగకు తాగే ఇప్పసారాకు, జీతం రోజున కాంట్రాక్టరు దుకాణంలో సీసాలకు సీసాలు తాగడానికి తేడా ఉంది. మొదటిదానిలో ఊరంతా ఉంటుంది, దానికో హద్దు ఉంటుంది. రెండోదానిలో మనిషి ఒంటరి, హద్దు జేబే. యూనియన్ దెబ్బ తగిలింది ఈ రెండోదానికి.

పని చేసిన తీరు కూడా యూనియన్ తరహాలోనే ఉంది. సమ్మెకు ఎలా బస్తీ బస్తీకీ సమావేశాలు పెట్టి నిర్ణయాలు తీసుకున్నారో, తాగుడు మానడానికీ అలాగే తీసుకున్నారు. తాగి దొరికినవాణ్ని తోటివాళ్ల ముందు నిలబెట్టి అడిగేవారు, జరిమానా వేసేవారు. సమ్మెలో తోటి మనిషికి ఇచ్చిన మాట తప్పడం ఎంతటి తప్పో ఇదీ అంతటి తప్పన్నది లెక్క. నాయకులకు మినహాయింపు లేదు. ఉద్యమానికి వెన్నెముక ఆడవాళ్లు. గనుల్లో మగవాళ్లతో సమానంగా తట్టలు మోసినవాళ్లు, కాల్పుల్లో ముందు నిలబడ్డవాళ్లు. వాళ్లే తర్వాత మహిళా ముక్తి మోర్చాగా కూడారు. దుకాణం దగ్గర ఎవరు కనపడ్డారో యూనియన్ ఆఫీసుకు తెలిసేలోపే వాళ్లకు తెలిసేది.

ఇందులో ఇబ్బంది కలిగించే పార్శ్వం ఉంది, దాన్ని దాటవేయడం సరికాదు. పదిమందిలో నిలబెట్టి సిగ్గుపడేలా చేయడం, జరిమానాలు వేయడం నేటి వ్యసన చికిత్స నిపుణులు మెచ్చే పద్ధతులు కావు. వ్యసనం జబ్బు కూడా. జబ్బుపడ్డవాడికి జరిమానా వేస్తే తగ్గదు. అయితే దల్లీ రాజ్‌హరాలో జరిమానా ఒక్కటే ఉండి ఉంటే ఆ ఉద్యమం ఆరు నెలల్లో చల్లారిపోయేది. అది నిలబడటానికి కారణం దాని చుట్టూ కట్టిన మిగతావి.

సారా సొమ్ము మీద బతికేవాళ్లు ఊరుకోలేదు. కాంట్రాక్టర్ల దగ్గర గూండాలుండేవారు, వాళ్ల వెనుక రాజకీయ నాయకులుండేవారు. ఆనాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి సారా వేలం పెద్ద ఆదాయం. 1981లో నియోగీని జాతీయ భద్రతా చట్టం కింద జైల్లో పెట్టారు. కార్మికులు తాగుడు మానడం దేశ భద్రతకు ముప్పెలా అయిందో ఏ అధికారీ వివరించలేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ నెల్లూరు గుర్తుకు రాక మానదు. 1992లో దూబగుంట రోసమ్మ, ఆమె ఊరి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించినప్పుడు మొదలైన ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధాన్ని, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వంతో సంపూర్ణ మద్య నిషేధాన్ని తెచ్చింది. 1997కల్లా నిషేధం సడలిపోయింది. నెల్లూరులో రాత్రి బడులు, అక్షరాస్యత పాఠాలు రాజేసిన నిప్పు జీవో దాకా వెళ్లింది. జీవోను మరో జీవో రద్దు చేసింది. నియోగీ మనుషులు ప్రభుత్వాన్ని దుకాణం మూయమని అడగడం మీద అంతగా ఆధారపడలేదు. దుకాణానికి పోయేవాడి సాయంత్రాన్ని మార్చడం మీద ఆధారపడ్డారు. ఏది ఎక్కువ కాలం నిలిచిందని అడిగితే జవాబు సులువు కాదు. నిషేధం రాష్ట్రమంతటికీ వర్తించింది, రాజ్‌హరా ఒక్క ఊరు.

సుదామా పేరు మీద

ఆ సాయంత్రాల సంగతి. యూనియన్‌కు పదిహేడు విభాగాలుండేవి. విద్య, ఆరోగ్యం, మద్య వ్యతిరేకత, సహకారం, సంస్కృతి, ఆటలు ఇలా. పోరాటం, నిర్మాణం రెండూ కలిసి నడవాలన్నది నియోగీ సిద్ధాంతం. కాగితం మీద ఇలాంటి విభాగాలు చాలా సంఘాలకు ఉంటాయి. ఇక్కడ పని జరిగింది.

1977 కాల్పుల్లో చనిపోయిన పిల్లవాడి పేరు మీద షహీద్ సుదామా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. జెండా రంగుల పేరుతో రెడ్ గ్రీన్ అథ్లెటిక్ క్లబ్ వచ్చింది. నయా అంజోర్ అనే పాటల బృందం ఊళ్లు తిరిగింది. అంజోర్ అంటే ఛత్తీస్‌గఢీలో వెలుగు. పిల్లల కోసం యూనియనే ప్రాథమిక పాఠశాలలు కట్టింది. కుర్రాళ్లు మోటారు పని నేర్చుకోవడానికి గ్యారేజీ నడిపింది. గనుల ఊళ్లో బడి మానేసిన కుర్రాడికి అప్పటిదాకా రెండే కొలువులు దొరికేవి. ఒకటి కాంట్రాక్టరు దగ్గర తట్ట మోయడం, రెండు కాంట్రాక్టరు దగ్గర కర్ర పట్టుకుని తిరగడం. రెండో పనిలో డబ్బూ సీసా రెండూ దొరికేవి, పదిమంది భయపడేవారు. ఆ వయసులో భయం కూడా గౌరవంలాగే కనపడుతుంది. సుదామా క్లబ్ జెర్సీ ఆ గౌరవానికి పోటీ.

వీర్ నారాయణ్ సింగ్ కథను తవ్వితీయడం కూడా ఇందులో భాగమే. 1856 కరువులో వ్యాపారి ధాన్యం కొట్లు తెరిపించి జనానికి పంచి, 1857 డిసెంబరులో రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు ఆయన. 1979 నుంచి ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా ఆయన పేరు మీద ఏటా డిసెంబరు 19న సభ జరపడం మొదలుపెట్టింది. ఇవాళ రాయ్‌పూర్‌లో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి ఆయన పేరుంది. ఆనాడు పాఠ్యపుస్తకాల్లో లేని ఆ ఆదివాసీ వీరుణ్ని వేలమంది కుర్రాళ్లకు పరిచయం చేసింది గని కార్మికుల యూనియన్.

అన్నిటికన్నా పెద్దది ఆసుపత్రి. యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. కర్మాగారానికి ఆసుపత్రి ఉన్నా కాంట్రాక్టు కార్మికులకు అక్కడ దక్కింది నిర్లక్ష్యమే. ఇక మన ఆసుపత్రి మనమే కట్టుకోవాలని కార్మికులు తేల్చుకున్నారు. 1982 జనవరి 26న చిన్న వైద్యశాల తెరిచారు. 1983 జూన్ 3న, కాల్పులకు ఆరేళ్లు నిండిన రోజున, పదిహేను పడకలతో షహీద్ ఆసుపత్రి మొదలైంది. ఇటుకలు మోసిందీ గోడలు కట్టిందీ గని కార్మికులే, ఖర్చూ వాళ్ల చందాలదే. బినాయక్ సేన్, ఆశిష్ కుందూ, శైబాల్ జానా వంటి డాక్టర్లు వచ్చి చేరారు. కార్మికుల పిల్లలే కొందరు ఆరోగ్య కార్యకర్తలయ్యారు. ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది, మొదటికన్నా ఎన్నో రెట్లు పెద్దదైంది. తాగుడు మాన్పిస్తే మిగిలే డబ్బు ఏమవుతుందని అడిగినవాళ్లకు చూపించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఉర్లా, బీర్‌గావ్ దాకా

1990లో నియోగీ దల్లీ రాజ్‌హరా వదిలి భిలాయికి మకాం మార్చారు. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ప్రైవేటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి 1977 నాటి గనుల్లాగే ఉంది. భిలాయి, కుమ్హారీ, టేడేసరా, ఉర్లా పారిశ్రామికవాడల్లో ఎరుపు ఆకుపచ్చ జెండాలు లేచాయి. బతకడానికి సరిపడే జీతం, ఉద్యోగ భద్రత, యూనియన్ పెట్టుకునే హక్కు ప్రధాన డిమాండ్లు. ఆందోళన తగిలిన పరిశ్రమల్లో సారా తీసే డిస్టిలరీలూ ఉన్నాయి. కార్మికులకు తాగొద్దని చెప్పే నాయకుడు సారా తీసే కార్మికుడి జీతం పెంచమని కొట్లాడటం కొందరికి వింతగా తోచింది. ఆయన లెక్కలో అందులో వింతేమీ లేదు. ఆయన గొడవ ఎప్పుడూ సరుకు తీసే మనిషితో కాదు, లాభం తీసేవాడితో.

గనులకూ ఈ బస్తీలకూ ఒక తేడా ఉంది. దల్లీ రాజ్‌హరా ఒకే ఊరు, ఒకే పని, దాదాపు ఒకే భాష. ఉర్లా, బీర్‌గావ్‌లలో పక్కింటివాడి భాష వేరు, ఫ్యాక్టరీ వేరు, కాంట్రాక్టరు వేరు. గనిలో పదేళ్లు పట్టిన పని ఇక్కడ చేయడానికి నియోగీకి దొరికింది ఏడాది. వేలమందిని పనిలోంచి తీసేశారు. కార్మికుల మీద, కార్యకర్తల మీద కిరాయి మూకల దాడులు జరిగాయి. ఆ మూకల్లో ఉన్నదీ ఏ పనీ లేని కుర్రాళ్లే. రాజ్‌హరాలో ఫుట్‌బాల్ క్లబ్బులోకి లాగగలిగిన వయసువాళ్లు ఇక్కడ ఎదుటి పక్షాన ఉన్నారు.

1991 ఫిబ్రవరిలో పాత కేసుల మీద నియోగీని అరెస్టు చేశారు. బయటికొచ్చాక జిల్లా బహిష్కరణ నోటీసు ఇచ్చారు. సెప్టెంబరులో కార్మికులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్‌కు వినతిపత్రం ఇచ్చి వచ్చారు. తనను చంపుతారని ఆయనకు తెలుసు. ఎవరి మీద అనుమానమో క్యాసెట్‌లో రికార్డు చేసి పెట్టారు. సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలోని హుడ్కో క్వార్టరులో నిద్రపోతున్న ఆయన్ని తెరిచి ఉన్న కిటికీలోంచి కాల్చి చంపారు. వయసు 48. దల్లీ రాజ్‌హరాలో అంత్యక్రియలకు జనం పోటెత్తారు.

తర్వాతి ఏడాది జూలై 1న, పనిలోంచి తీసేసినవాళ్లను తిరిగి తీసుకోవాలని భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదహారు మంది కార్మికులు చనిపోయారు. హత్య కేసు మరీ నెమ్మదిగా నడిచింది. 1997లో సెషన్స్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా ఆరుగురికి శిక్ష వేసింది. ఏడాది తిరిగేసరికి హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు ఒక్కరికి మాత్రం, తుపాకీ పేల్చిన కిరాయి హంతకుడు పల్టన్ మల్లాకు, జీవిత ఖైదు వేసింది. పంపినవాళ్లెవరో న్యాయస్థానం దృష్టిలో తేలలేదు.

నియోగీ పోయాక సంస్థ చీలికలైంది. గనుల్లో యంత్రాలు పెరిగాయి, కాంట్రాక్టు కార్మికుల సంఖ్య తగ్గింది, వాళ్లతోపాటు వాళ్ల సాయంత్రాలను పట్టి ఉంచిన క్లబ్బులూ బృందాలూ పలచబడ్డాయి. ఒక మనిషి మాట మీద అంతగా నిలబడ్డ నిర్మాణానికి ఇది తప్పని దెబ్బ కావచ్చు. అయినా డాక్టర్లు, ఆరోగ్య కార్యకర్తలు చేతిలోకి తీసుకున్న ఆసుపత్రి నిలిచింది, జరిమానా వేసే సభలు నిలవలేదు. బీర్‌గావ్‌లో ఆ ఉద్యమ వారసత్వంలోంచే వచ్చిన షహీద్ స్కూల్ కార్మికుల పిల్లలకు చదువు చెబుతోంది.

2000లో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైంది. సారా కాంట్రాక్టరు ఇప్పుడు లేడు. 2017 నుంచి మద్యం దుకాణాలను ప్రభుత్వ కార్పొరేషనే నడుపుతోంది. 2018 ఎన్నికల్లో మద్య నిషేధం హామీ ఇచ్చి గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్లలో దాన్ని అమలు చేయలేదు. ఆ ఐదేళ్ల మద్యం అమ్మకాల మీద వేల కోట్ల కుంభకోణం కేసు నడుస్తోంది. గంజాయికి, మత్తు మాత్రలకు లైసెన్సు దుకాణం ఉండదు కాబట్టి వాటి లెక్క ఏ ఖజానాలోనూ కనపడదు. ఉర్లాలో షిఫ్టు మారే వేళకు బీర్‌గావ్ కుర్రాళ్ల చేతిలో ఉన్న రోజు కూలి ఎటు పోతోందో లెక్క చూడమనే యూనియన్లు ఆ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు చాలా తక్కువ.